నల్గొండ వేసవిలో ఈతకు మినీమెడ్ 780జీ ఇన్సులిన్ పంపు

టైప్ 1 మధుమేహం ఉన్న మా అబ్బాయికి వైద్యుల సలహా మేరకు మినీమెడ్ 780జీ ఇన్సులిన్ పంపు, అంటే ఒంటికి తగిలించి ఉంచి సన్నని గొట్టం ద్వారా ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం, తీసుకున్నాము. లక్షల్లో ఖర్చయినా రోజువారీ వాడకంలో దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు పిల్లలు నీళ్లను వదలరు కాబట్టి, ఇక్కడ ఈత సంగతే రాస్తున్నాను.

పంపు నీళ్లలో పాడవదన్న మాట అబద్ధం కాదు. తయారీదారు లెక్క ప్రకారం అది 3.6 మీటర్ల లోతులో, అంటే సుమారు రెండు నిలువుల నీటిలో, 24 గంటల వరకు తట్టుకుంటుంది. అయితే కిందపడి ఎక్కడైనా పగులు వచ్చిన పంపును ఆ లెక్కతో నీళ్లలోకి దింపకూడదు. పట్టణంలో మేము వెళ్లే ఈతకొలను ఆ లోతుకు లోబడే ఉంటుంది. ఊళ్లోని వ్యవసాయ బావి అలా కాదు. గట్టు మీది నుంచి దూకినవాడు ఎంత లోతుకు వెళ్తాడో ఎవరూ చెప్పలేరు, చక్కెర పడిపోతే పైకి తేవడమూ కష్టమే. అందుకే బావి ఈతకు నేను ఒప్పుకోను.

అసలు చిక్కు సెన్సరుతో, అంటే ఒంటికి అతికించి ఉండి చక్కెర స్థాయిని పంపుకు తెలిపే పరికరంతో, వస్తుంది. దాని రేడియో సంకేతం నీటిని సరిగా దాటలేదు కాబట్టి, పిల్లవాడు మునిగి ఉన్నంతసేపు పంపు తెరపై చక్కెర గీత తెగిపోయి, గట్టెక్కిన కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. నీళ్లలో చెమట తెలియదు, వణుకు వచ్చినా చలి అనుకుంటారు. అందువల్ల అరగంటకోసారి బయటికి పిలిచి వేలి నుంచి రక్తం తీసి చూస్తాము. చక్కెర 70 (మి.గ్రా./డె.లీ.) కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూస్తాము.

సంకేతమే అందనప్పుడు పంపును నీళ్లలో ఉంచి ప్రయోజనం తక్కువని, మేము దాన్ని తీసేసే పిల్లవాణ్ని ఈతకు వదులుతాము. ఈతకు గంటా రెండు గంటల ముందే తాత్కాలిక లక్ష్యాన్ని, అంటే కొంతసేపు పంపు నిలపాలని చూసే చక్కెర స్థాయిని, 150కి మార్చి, చక్కెర 126 నుంచి 180 మధ్య ఉన్నప్పుడు దిగనిస్తాము. తీసే ముందు ఇన్సులిన్ సరఫరాను పంపులోనే ఆపాలి. లేకపోతే ఒంట్లోకి చేరని ఇన్సులిన్‌ను కూడా చేరినట్టే అది లెక్క వేసుకుంటుంది. గొట్టం చివర తిప్పి లాగితే టక్కుమని ఊడి, పొట్టపై చిన్న ప్లాస్టిక్ బిళ్ల మాత్రం మిగులుతుంది. ఆ బిళ్ల మీదికని వేరే దుకాణంలో కొన్న అతుకుపట్టీ మొదటి మునకకే అంచులు లేచింది, డబ్బు దండగ. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే కనుక గంటకు మించి తీసి ఉంచితే కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో చేరే హానికరమైన ఆమ్లాలు, పెరిగే ప్రమాదం ఉంది.

మా ఊరికి నీటి కంటే ఎండే పెద్ద శత్రువు. పంపులోని ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటకూడదు, మే నెలలో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. ఒడ్డున బల్లపై వదిలేయకుండా, తడిగుడ్డ చుట్టిన డబ్బాలో నీడన ఉంచుతాము. ఐసుపై నేరుగా పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. అన్నిటికంటే తేలిక, పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే వచ్చేయడం.

ఈత కొట్టిన రోజు రాత్రి నిద్రలో చక్కెర పడిపోయే అవకాశం ఎక్కువ. పంపు తన ఖరీదుకు న్యాయం చేసేది అప్పుడే. స్థాయి తగ్గుతుంటే ఇన్సులిన్‌ను తానే తగ్గిస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. అయినా గ్లూకోజు డబ్బా మంచం పక్కనే ఉంచుతాము.