నాచారంలో పల్లాడియం ఎసిటేట్ కొన్నా, ఇండోల్స్ చేసేవాళ్లు చదవండి

హైదరాబాద్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియా లోపలి రోడ్డులో ఒక చిన్న కెమికల్ డీలర్ ఉన్నాడు, అక్కడ ఒక గ్రాము పల్లాడియం ఎసిటేట్ (రియాక్షన్ నడిపించే క్యాటలిస్ట్) తీసుకున్నా, 5కి 4 స్టార్లు.

మా ల్యాబ్‌లో నడిచేది లారాక్ రియాక్షన్, ఇండోల్స్ (చాలా మందుల్లో ఉండే నైట్రోజన్ రింగు మాలిక్యూల్స్) చేసే పద్ధతి, 1991లో వచ్చింది. ఆర్థో అయోడోఅనిలీన్, ఇంటర్నల్ ఆల్కైన్ (ట్రిపుల్ బాండ్ చివర్లో కాకుండా మధ్యలో ఉన్నది), బేస్, లిథియం క్లోరైడ్ డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌లో వేసి 100 డిగ్రీల్లో పెడితే 5 మోల్ శాతం పల్లాడియంతో ఒకే ఫ్లాస్కులో ఇండోల్ రింగు మూసుకుంటది, ఆల్కైన్‌కి ఒకవైపు లావు గ్రూపు ఉంటే అది నైట్రోజన్ పక్కన రెండో పొజిషన్‌కే పోతది, అక్కడ సిలైల్ (సిలికాన్ ఉన్న గ్రూపు) పెట్టుకుంటే తర్వాత తీసేసి వేరేది తగిలించుకోవచ్చు. ఇండోల్స్ చేసే పాత ఫిషర్ పద్ధతిలో వాడే యాసిడ్‌కి తట్టుకోని మాలిక్యూల్స్‌కి ఇది నిజంగా వరం.

కానీ లేబుల్ ఒకటే అయినా బాటిల్స్ అన్నీ ఒకటి కాదండీ. అసలు సరుకు మూడు పల్లాడియాలు కలిసి ఉన్న ట్రైమర్, తయారీలో నైట్రిక్ యాసిడ్ వాడితే ఒక ఎసిటేట్ ప్లేసులో నైట్రైట్ దూరిపోవచ్చు, ఇంకో పాలిమర్ రకం ఉంటది, అది మామూలు సాల్వెంట్లలో కరగదు. ఇది చూడకుండా లైగాండ్ (పల్లాడియంకి అంటుకునే మాలిక్యూల్) మార్చి బేస్ మార్చి నెలలు పోగొట్టుకునేవాళ్లు మస్తు మంది.

ఈ అన్న మాత్రం పైసలు మాట్లాడకముందే లాట్ నంబర్, సీఓఏ (సరుకు క్వాలిటీ టెస్ట్ సర్టిఫికెట్) వాట్సాప్ చేసిండు, "ఎన్‌ఎంఆర్ తీసి చూడండి సార్, తేడా ఉంటే వాపస్ తీసుకుంటా" అన్నడు. ఎన్‌ఎంఆర్ (మాలిక్యూల్‌లో ఏముందో పీక్స్‌తో చూపించే టెస్ట్) తీశాం. నారింజ కలిసిన గోధుమ రంగు పొడి, డైక్లోరోమీథేన్‌లో తిప్పితే అడుగున ఏం మిగల్లేదు, తేమ లేని సీడీసీఎల్3 (ఎన్‌ఎంఆర్ సాల్వెంట్)లో 2 పీపీఎం దగ్గర ఎసిటేట్ పీక్ శుభ్రంగా ఒక్కటే, అంటే నైట్రైట్ కలవలేదు. చూసి ప్రాణం లేచొచ్చింది. రియాక్షన్ కూడా మధ్యలో పల్లాడియం బ్లాక్ (పనికిరాని నల్లటి పల్లాడియం పొడి) పడి ఆగిపోకుండా చివరిదాకా నడిచింది.

రేటు కొంచెం ఎక్కువే, కానీ జీఎస్టీ బిల్లు పక్కాగా ఇస్తాడు. స్టార్ తగ్గించింది లిథియం క్లోరైడ్ వల్ల, మూత వదులుగా ఉన్న డబ్బా ఇచ్చిండు, అది గాల్లో తేమ లాగేస్తది, లారాక్‌లో ఇది ఒక ఈక్వివలెంట్ (అయోడోఅనిలీన్‌కి సమానమైన మోల్స్) దాటితే రియాక్షన్ నెమ్మదిస్తది కాబట్టి తూకం తప్పితే కష్టం, అడిగితే వెంటనే సీల్డ్ డబ్బా మార్చి ఇచ్చిండు.

ఫార్మా వాళ్లు థయోల్ సిలికా (మిగిలిన పల్లాడియాన్ని పట్టి తీసేసే పొడి) కూడా అక్కడే అడగండి, నోటితో వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు, ఇంజెక్షన్‌కైతే 10 దాటకూడదు కదా. శనివారం మధ్యాహ్నం తర్వాత షట్టర్ దించేస్తారు, ఫోన్ చేసి వెళ్లండి.