బెంగళూరులో తిండి తిరుగుడు: మాల్ ఫుడ్ హాల్, వీవీ పురం, ఇంకా కొన్ని చోట్లు

బెంగళూరు నడిబొడ్డున ఉన్న ఏదైనా మాల్ ఫుడ్ హాల్‌కు శనివారం రాత్రి ఏడున్నరకు, అదీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లనూ ఆకలైతే ఆగలేని పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్దామనుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి. వెళ్లొద్దని చెప్పడం లేదు. అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది, అంతే. మేం వెళ్లిన మాల్ పేరు రాయడం లేదు.

మా బావమరిది మారతహళ్లిలో ఉంటాడు, ఐటీ ఉద్యోగం. "బావా, అక్కడైతే ఎవరికి కావలసింది వాళ్లు తినొచ్చు. అమ్మకు ఇడ్లీ, పిల్లలకు పిజ్జా, నీకు బిర్యానీ. ఎక్కడ తినాలనే గొడవే ఉండదు" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నిజం. ఇంట్లో అందరి నోటికీ ఒకేచోట దొరికే సుఖం ఫుడ్ హాల్‌లో ఉంది, దాన్ని కాదనలేం. కాకపోతే నలుగురికి నాలుగు రకాలంటే నాలుగు క్యూలు. దానికంటే ముందు ఇంకో క్యూ, కార్డు కోసం. అక్కడ ఏ కౌంటర్లోనూ నేరుగా డబ్బు తీసుకోరు, యూపీఐ కూడా కొట్టించుకోరు. ముందు ఒక కార్డు కొనాలి, దానికి డిపాజిట్, తర్వాత అందులో డబ్బు వేయించుకోవాలి, అప్పుడే తిండి. కార్డు క్యూ అయ్యాక దోసెల క్యూ, దోసెల దగ్గర చేతిలో పెట్టిన బజర్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ బిర్యానీ క్యూ.

ఈలోగా ఇంట్లో ఒకరి డ్యూటీ పూర్తిగా టేబుల్ వెతకడం. ఇది చూడ్డానికి నవ్వొస్తుంది గానీ చేస్తే రాదు. తింటున్నవాళ్ల పక్కన నిలబడి, వాళ్ల ప్లేట్‌లో ఇంకెంత మిగిలిందో చూస్తూ ఉండాలి. మనం కూర్చున్నాక మన ప్లేట్‌లోకి ఇంకెవరో చూస్తుంటారు, ముద్ద దిగదు. కొందరు తిండి కొనకముందే బ్యాగులూ జాకెట్లూ కుర్చీల మీద పెట్టేసి వెళ్లిపోతారు, ట్రేలు పట్టుకున్నవాళ్లు నిలబడే ఉంటారు. హాల్ వాళ్లు దాన్ని పట్టించుకోరు. సీట్ల దగ్గర ఒక మనిషిని పెట్టి, ట్రేతో వచ్చినవాళ్లను కూర్చోబెడితే సగం టెన్షన్ పోతుంది. ఆ మనిషి ఉండాల్సిన చోట మాకు కనిపించింది ఐస్‌క్రీమ్ ఆఫర్ బోర్డు.

అత్తగారికి చోటు దొరికేసరికి ఆవిడ దోసె చల్లారిపోయింది. పిల్లల పిజ్జా అప్పటికి రానేలేదు. అందరం ఒకేసారి తినడం అనేది జరగలేదు, ఒకరు తింటుంటే ఇంకొకరు క్యూలో.

రుచి సంగతి. మా వరకు తేలిందేమంటే, మన కళ్ల ముందు పెనం మీద వేసి ఇచ్చేవి, అంటే దోసె, పావ్ భాజీ, కాల్చిన రొట్టెలు, పర్వాలేదు నుంచి బాగుంది దాకా ఉన్నాయి. ఎక్కడో వండి తెచ్చి ఇక్కడ వేడిచేసి పెట్టేవి, గ్రేవీ కూరలూ బిర్యానీలూ, పేరు గొప్పదైనా సరే, నోట్లో పెట్టుకుంటే తెలిసిపోతుంది. నా బిర్యానీలో అన్నం అంచుల్లో ఎండిపోయి, మధ్యలో పొగలు కక్కుతోంది. ఇలాంటిచోట పేరు చూసి కాకుండా పొయ్యి చూసి కౌంటర్ ఎంచుకోండి.

మంచి కూడా చెప్పాలి కదా. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, చేతులు కడుక్కునేచోట సబ్బుంది, లిఫ్ట్ ఉంది, అడిగితే వీల్‌చైర్ ఇచ్చారు. ఎంగిలి ట్రేలు తీసే పిల్లలు మెరుపుల్లా తిరుగుతున్నారు. వాళ్లలో ఒకబ్బాయిది కుప్పం వైపు, అత్తగారి మాట విని "అమ్మా, ఆ మూల టేబుల్ ఇప్పుడే ఖాళీ అవుతుంది, రండి" అని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం మొత్తానికి దొరికిన అసలైన సర్వీసు అది. ఎండాకాలం మధ్యాహ్నం చంటిపిల్లతో తిరిగేవాళ్లకు ఏసీ, శుభ్రమైన బాత్రూము ఉన్న చోటు చిన్న విషయం కాదు.

చివర్లో కార్డు డబ్బు. మిగిలింది వెనక్కి ఇచ్చే కౌంటర్ ఒక్కటే, అక్కడా క్యూ. ముందున్నాయన లెక్క తెగక అది కదలడం లేదు. "సార్, కార్డు దాచుకోండి, మళ్లీ వచ్చినప్పుడు వాడుకోవచ్చు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కర్నూలు నుంచి వచ్చినవాడికి చెప్పే మాటేనా ఇది? ఉండి, నిలబడి తీసుకున్నాం. చాలామంది విసిగి వదిలేసి పోతున్నారు, ఆ వదిలేసినదంతా ఎవరికి మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. కార్డు పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. ఇలాంటి హాళ్లలో చాలాచోట్ల దుకాణాలు అద్దెతో పాటు అమ్మకాల్లో ఇంత వాటా అని కూడా కడతాయి. డబ్బంతా ఒకే గల్లా మీదుగా పోతే ఏ కౌంటర్ ఎంత అమ్మిందో హాల్ వాళ్లకు పక్కాగా తెలుస్తుంది. అది వాళ్ల వ్యాపారం, తప్పు పట్టను. కానీ యూపీఐ దేశంలో మనల్ని రెండుసార్లు క్యూలో నిలబెట్టడం ఎందుకు? కాబట్టి కార్డులో ఒకేసారి ఎక్కువ వేయకండి, తక్కువైతే మళ్లీ వేయించుకోవచ్చు. నీళ్ల సీసా రేటు గురించి కొట్లాడకండి, హోటళ్లూ రెస్టారెంట్లూ ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే చెప్పింది. తాగునీరు ఎక్కడుందో అడగండి, మాకు ఒక మూల ఫిల్టర్ చూపించారు.

మర్నాడు సాయంత్రం వీవీ పురం. అంటే విశ్వేశ్వరపురం, సజ్జన్‌రావు సర్కిల్ దగ్గరి తిండి వీధి. కన్నడంలో తిండి బీది అంటారు, ఆటో ఆయనకు ఫుడ్ స్ట్రీట్ అంటే చాలు. మేం దిగిన లాడ్జి గాంధీనగర్‌లో, మెజెస్టిక్ బస్టాండుకు దగ్గర. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే చిక్‌పేట, కేఆర్ మార్కెట్, ఆ తర్వాత నేషనల్ కాలేజీ స్టేషన్. అక్కడి నుంచి నడవొచ్చు, అత్తగారి కోసం మేం ఆటో తీసుకున్నాం. కారులో మాత్రం వెళ్లకండి, పార్కింగ్ వెతకడంలోనే ఆకలి చచ్చిపోతుంది. బండ్లూ దుకాణాలూ ఊపందుకునేది సాయంత్రమే, మధ్యాహ్నం వెళితే చూడ్డానికేమీ ఉండదు.

ఇక్కడా జనమే, ఫుడ్ హాల్ కంటే ఎక్కువ. ఆదివారమైతే భుజాలు రాసుకుంటూ నడవాలి. కుర్చీలు లేవు, ఏసీ లేదు, మధ్యమధ్యలో స్కూటర్ వాడొకడు హారన్ కొడుతూ జనంలోంచి దూరతాడు. ఆదివారం ఇలాంటి చోటికి అత్తగారిని తీసుకురావడమేంటని మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పుడు వర్ణించలేను. అయినా అత్తగారు ఫుడ్ హాల్‌లో కంటే ఇక్కడే బాగా తిన్నారు. ఓళిగల, అంటే బొబ్బట్ల దుకాణం దగ్గర ఆగాం. పెద్ద పెనం, పక్కనే ఒకాయన పూర్ణం ముద్దలు పెట్టి తడుతుంటే ఇంకొకాయన తిప్పుతున్నాడు, తీసినది తీసినట్టు కాగితం మీద నెయ్యి వేసి ఇస్తున్నాడు. మా మాటలు విని, "ఏ ఊరు అవ్వా మీది?" అని తెలుగులోనే అడిగాడు. కర్నూలంటే, "మా పెద్దోళ్లది హిందూపురం" అని లోపలి నుంచి స్టూలు తెప్పించి వేశాడు. ఆవిడ కూర్చుని కొబ్బరి ఓళిగ ఒకటి, బేడల (పప్పు) ఓళిగ ఒకటి తిని, "నెయ్యి మంచిదే" అన్నారు. మా అత్తగారి నోట ఇంట్లో చేసిన వంటకు కూడా ఆ మాట రాదు.

పక్క పక్కనే గుంతపొంగడాలు, అక్కి రొట్టె, తట్టె ఇడ్లీ, దోసెలు. తట్టె ఇడ్లీ అంటే పళ్లెమంత వెడల్పు, బెంగళూరు-మైసూరు దారిలో బిడది దీనికి పేరు. పిల్లలకు పుల్లకు చుట్టిన ఆలుగడ్డ చిప్స్ దొరికాయి, ఇక వాళ్లకు వేరే ఏదీ కనిపించలేదు. వెన్న వేసిన గుల్కన్ (గులాబీ రేకుల పాకం) ఇక్కడ ఫేమస్, నాకు మరీ తీపైంది, సగం మా బావమరిదికి ఇచ్చేశా. వీబీ బేకరీ ఈ వీధికే చెందిన పాత పేరు, 1953 నుంచి ఉంది. దాని కాంగ్రెస్ బన్ తప్పకుండా తినండి. కాంగ్రెస్ కడలెకాయి అంటే మసాలా పట్టించిన వేరుశనగ బద్దలు, బన్ కోసి వెన్న రాసి అవి దట్టంగా కూరి ఇస్తారు. కారం, వెన్న, మెత్తటి బన్. నేను రెండోది కూడా తీసుకున్నా.

అనపకాయల (చిక్కుడు జాతి కాయలు, కన్నడంలో అవరెకాయి) కాలంలో, అంటే డిసెంబరు, జనవరిలో వెళితే లెక్క మారిపోతుంది. మాగడి వైపు నుంచి సువాసన పట్టిన కాయలు దిగుతాయి, పితికిపప్పు (నానబెట్టి తొక్క తీసిన అనపగింజలు) వేసిన దోసె, ఉప్మా, మిక్చర్ దాకా అన్నీ దానితోనే. ఏటా జరిగే అవరెబేళె (అనపపప్పు) మేళా ఈ వీధిలోనే పుట్టింది, వీధి మరమ్మతుల వల్ల 2023 జనవరిలో నేషనల్ కాలేజీ మైదానానికి మారింది. చిత్తూరు, అనంతపురం వాళ్లకు పితికిపప్పు గురించి నేను చెప్పేదేముంది, మిగతావాళ్లు మాత్రం ఒకసారి చూడాలి.

ఇబ్బందులు దాచను. చేతులు కడుక్కునే చోటు కోసం వెతుక్కున్నాం, చివరికి సీసాలో నీళ్లతో సరిపెట్టుకున్నాం. చెత్తబుట్టలు నిండి పొర్లుతున్నాయి. మరుగుదొడ్డి అవసరమైతే బయల్దేరే ముందే చూసుకోవాలి, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే పెద్ద సమస్య. పానీపూరీ దగ్గర మా ఆవిడ పిల్లల్ని కదలనివ్వలేదు, ఆ నీళ్లు ఎక్కడివో తెలియదని. నాకూ అదే సరైనదనిపించింది. వేడివేడిగా నూనెలోంచి, పెనం మీది నుంచి వచ్చేవి తింటే భయం లేదు. కొంచెం నగదు కూడా ఉంచుకోండి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపినప్పుడు, బెంగళూరులో చాలా దుకాణాలు స్కానర్లు తీసేసి నగదే ఇమ్మన్నాయి. మేం వెళ్లేసరికి స్కానర్లు మళ్లీ కనిపించాయి గానీ, ఒకరిద్దరు "క్యాష్ ఉందా సార్" అని మెల్లగా అడిగారు.

రెండుచోట్లా జనమే, రెండుచోట్లా క్యూనే. తేడా ఎక్కడ వచ్చిందంటే, వీవీ పురంలో డబ్బు తీసుకునేవాడే వండుతున్నాడు, వండేవాడే మనం తినడం చూస్తున్నాడు. ఓళిగ మాడితే నా ముందే మాడాలి. ఫుడ్ హాల్‌లో కార్డు వాడికి తిండి సంగతి తెలియదు, తిండివాడికి సీట్ల సంగతి పట్టదు, సీట్లు తుడిచే పిల్లాడికి దేని మీదా అధికారం లేదు. కంప్లైంట్ ఎవరికి చెప్పాలో కూడా మాకు అర్థం కాలేదు.

పొద్దున టిఫిన్‌కు మాత్రం దర్శినిలకు మించినవి లేవు. నిలబడి తినే చిన్న హోటళ్లు, 1980ల నుంచి బెంగళూరులో వీధివీధికీ వచ్చాయి. గల్లా దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకో, వంటగది కిటికీ దగ్గర ఇవ్వు, రెండు నిమిషాల్లో ఇడ్లీ వడ చేతిలో. ఎత్తు బల్లల దగ్గర నిలబడి తినడం వల్ల ఎవరూ గంటలు గంటలు కూర్చోరు, కాబట్టి చోటు ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఫిల్టర్ కాఫీ చాలాచోట్ల బాగుంది, సాంబారు మాత్రం తీపి, మన నోటికి కొంచెం సర్దుకోవాలి. అత్తగారికి నిలబడటం కుదరదు కనుక ఆవిడకు పార్సిల్.

లాల్‌బాగ్ దగ్గర ఎంటీఆర్ (మావళ్లి టిఫిన్ రూమ్స్) హోటల్‌కు కూడా వెళ్లాం. 1924 నాటి సంస్థ, రెండో ప్రపంచ యుద్ధం కాలంలో బియ్యం కొరత వచ్చినప్పుడు రవ్వ ఇడ్లీ చేయడం మొదలుపెట్టింది తామేనని చెప్పుకుంటారు. జనం బాగా ఉన్నారు, పేరు రాయించుకుని ఎదురుచూశాం. కానీ కూర్చుని ఎదురుచూశాం, పేరు పిలిచాక మన బల్ల మనదే. రవ్వ ఇడ్లీ, దాంతో ఇచ్చే నెయ్యి, ఆ ఎదురుచూపుకు తగ్గట్టే ఉన్నాయి. భోజనానికైతే రెసిడెన్సీ రోడ్డు వైపు ఆంధ్ర హోటళ్లున్నాయి, అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. వారం మధ్యలో మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళితే ఆఫీసుల జనం రాకముందే లేవొచ్చు. చర్చ్ స్ట్రీట్‌లో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది, ఎంజీ రోడ్డు నుంచి 2009లో ఇక్కడికి మారింది. కాఫీ మామూలే, ఆమ్లెట్ బాగుంది, ఎవరూ లెమ్మనరు. అత్తగారిని అక్కడ కూర్చోబెట్టి మేం చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపులు తిరిగొచ్చాం.

బస గురించి రెండు మాటలు. గాంధీనగర్ లాడ్జి తిండి తిరుగుడుకు సౌకర్యం, గ్రీన్, పర్పుల్ మెట్రో లైన్లు మెజెస్టిక్‌లో కలుస్తాయి. గది చిన్నది, వేడినీళ్లు పొద్దున కాసేపే, రాత్రి బస్సుల చప్పుడు. చెకౌట్ ఇరవై నాలుగు గంటల లెక్క కాబట్టి మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయమనే గొడవ లేదు. పిల్లలతో నిద్ర ముఖ్యమనుకుంటే జయనగర్ వైపు చూడండి, గ్రీన్ లైన్ మీదే ఉంటుంది, అద్దె ఎక్కువ. మెట్రో ఛార్జీలు 2025 ఫిబ్రవరిలో బాగా పెరిగాయి, గరిష్ఠం 60 నుంచి 90 అయింది. నలుగురైతే దగ్గర దూరాలకు ఆటోనే లాభం, మీటరు లెక్క యాప్‌లో చూసుకుని ఎక్కండి. మేం వచ్చింది కాచిగూడ నుంచి యశ్వంతపురం పోయే వందేభారత్‌లో, కర్నూలులో ఎక్కాం. యశ్వంతపురంలోనూ గ్రీన్ లైన్ స్టేషన్ ఉంది, సామాను తక్కువైతే దిగి నేరుగా మెట్రో ఎక్కేయొచ్చు.

ఫుడ్ హాల్‌కు మళ్లీ వెళ్తామా అంటే, వానొస్తే వెళ్తాం, వారం మధ్యలో, ఆరింటికే. వీవీ పురానికి కూడా శని, ఆదివారాలు వదిలేసి వెళ్లండి. ఓళిగలు ఊరికి తెచ్చుకోవాలనుకుంటే బేడలవే తీసుకోండి, కొబ్బరివి దారిలోనే వాసన పట్టాయి. పొట్లం వెంటనే కట్టించకుండా కాస్త ఆరనివ్వమని చెప్పండి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుపోతాయి.