‘సోషల్ వర్క్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్’ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఇది చదవండి

సోషల్ వర్క్, హ్యూమన్ డెవలప్‌మెంట్ రెండూ కలిపి ఒకే డిగ్రీగా ఇచ్చే కోర్సులో నేను రెండేళ్లు చదివాను. పట్టా చేతికొచ్చింది. సోషల్ వర్కర్‌గా రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెడితే మాత్రం తిరిగొచ్చింది. అర్హత ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేయాల్సిన ఫీల్డ్ వర్క్ ఈ డిగ్రీలో లేదన్నారు. ఇంకొకరు ఇలా నష్టపోకూడదనే రాస్తున్నాను.

నేను మోసపోయింది ‘గుర్తింపు’ అనే మాట దగ్గర. అడ్మిషన్ల ఆఫీసులో అడిగితే “మాకు పూర్తి గుర్తింపు ఉందండీ” అన్నారు. అది అబద్ధం కాదు, యూనివర్సిటీకి గుర్తింపు ఉంది. కానీ సోషల్ వర్క్‌కి లైసెన్సు అవసరమైన చోట్ల యూనివర్సిటీకి ఉన్న గుర్తింపు ఒక్కటే సరిపోదు. ఆ కోర్సును వృత్తి మండలి, అంటే ఆ వృత్తి ప్రమాణాలు చూసే సంస్థ, విడిగా ఆమోదించాలి. నేను “దేనికి గుర్తింపు?” అని ఇంకో ప్రశ్న వేసి ఉంటే అక్కడే తేలిపోయేది. మీరు ఆ ఆఫీసు మాట మీద ఆగిపోకండి. వృత్తి మండలి జాబితాలో మీ కోర్సు పేరు, మీరు చేరే సంవత్సరం ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అదే యూనివర్సిటీలో పక్క కోర్సుకు ఆమోదం ఉండి, మీ కోర్సుకు లేకపోవచ్చు.

ఇక ఫీల్డ్ వర్క్. ఈ చదువుకు ప్రాణం అదే. అంతర్జాతీయ సోషల్ వర్క్ సంఘాలు 2014లో ఆమోదించిన నిర్వచనం కూడా సోషల్ వర్క్‌ను ముందుగా ఆచరణ మీద నిలబడ్డ వృత్తి అనే అంటుంది. అమెరికాలో ఆమోదం ఉన్న కోర్సుల్లో డిగ్రీకి కనీసం 400 గంటలు, పీజీకి 900 గంటలు ఫీల్డ్‌లో గడపాలి. ఇంగ్లండ్‌లో 200 రోజులు, అందులో 30 రోజుల వరకు నైపుణ్య శిక్షణకు వాడుకోవచ్చు. మా సిలబస్‌లో ‘కమ్యూనిటీ ప్రాజెక్ట్’ అని ఒక పేపర్ ఉంది. అదే ఫీల్డ్ వర్క్ అనుకున్నాను. గంటల లెక్క ఎక్కడా రాయలేదు, నేనూ వెతకలేదు.

చేరాక ఆ ప్రాజెక్ట్ చేయడానికి సంస్థను మమ్మల్నే వెతుక్కోమన్నారు. నాకు దొరికిన చోట నెల రోజులు పాత ఫైళ్లను తేదీల వారీగా సర్దాను. ఒక్క కుటుంబంతో కూడా కూర్చుని మాట్లాడనివ్వలేదు. ఆ తర్వాత కొన్ని ఇళ్లకు తీసుకెళ్లారు. అక్కడ విన్నది, నేను అడిగింది, ఆ సమయంలో నాకు అనిపించింది, అంతా ప్రాసెస్ రికార్డింగ్‌గా రాసి ఇచ్చాను. ఒక పిల్లవాడు నేను అడిగిన ప్రతిదానికీ వాళ్లమ్మ ముఖం చూశాకే జవాబు చెప్పాడు. అది ఎలా అర్థం చేసుకోవాలో తెలియక పేజీన్నర రాశాను. పేజీ చివర ఒక టిక్కు మార్కుతో తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఒక్క ప్రశ్న లేదు, ఒక్క మాట లేదు. ఇన్నాళ్లయినా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ ఖాళీ మార్జినే. ఆ పిల్లవాడి గురించి నాతో ఎవరైనా కూర్చుని మాట్లాడి ఉంటే నేను ఈ పని కొంతైనా నేర్చుకునేదాన్ని.

పేరులో రెండో సగం గురించి కూడా అడిగి తెలుసుకోండి. ‘హ్యూమన్ డెవలప్‌మెంట్’కి రెండు అర్థాలున్నాయి. ఒకటి పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల: మనస్తత్వవేత్తలు పియాజే, ఎరిక్సన్ చెప్పిన దశలు, బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ చెప్పిన పరిసరాల ప్రభావం లాంటివి. రెండోది ఆయుష్షు, చదువు, ఆదాయం ఆధారంగా దేశాల అభివృద్ధిని చూసే మానవాభివృద్ధి, అంటే 1990 నుంచి ఐక్యరాజ్యసమితి నివేదికల్లో వస్తున్నది. పిల్లలతో పనిచేయాలని చేరిన నేను రెండు సెమిస్టర్లు సూచికలు లెక్కగట్టాను. అది తక్కువ చదువేమీ కాదు, విధాన పరిశోధనకు వెళ్లేవాళ్లకు బాగా పనికొస్తుంది. నాకు కావలసింది మాత్రం అది కాదు.

ఫీజు కట్టకముందే ఈమెయిల్‌లో అడగండి: ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు, సంస్థను ఎవరు చూపిస్తారు, సూపర్‌వైజర్‌కి సోషల్ వర్క్ డిగ్రీ ఉందా, వారానికి ఎంతసేపు మనతో కూర్చుంటారు. ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోకండి, రాతపూర్వకంగానే తీసుకోండి. కిందటేడు పాసైన ఒకరిద్దరితో కూడా మాట్లాడండి. “ఎలా ఉంది?” అని కాకుండా “మీ రికార్డుల మీద సూపర్‌వైజర్ ఏం రాసేవారు?” అని అడగండి.

ఇప్పటికే చేరిపోయినవాళ్లు టెన్షన్ పడి మధ్యలో మానేయకండి. ముందు ఆమోదం ఉన్న కోర్సుకు మారే వీలుందేమో, ఏ పేపర్లకు క్రెడిట్లు ఇస్తారో కనుక్కోండి. ప్రతి వారం చేసిన గంటలు రాసి, ఆ వారమే సంతకం చేయించుకుని, కాపీ మీ దగ్గర పెట్టుకోండి. నా లాగ్ బుక్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాను, తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు చేరిన కొత్త కోర్సులో ఫీల్డ్ వర్క్ మొదటి గంట నుంచి మళ్లీ చేస్తున్నాను.