క్యారవాన్‌లో మురుగు కంపు: గాజువాక ఆటోనగర్ షెడ్డులో జరిగిన మరమ్మతు

ట్రావెలర్ వ్యానును క్యారవాన్‌గా మార్పించుకుని మాకు రెండేళ్లయింది. వెనక మూలన స్నానానికీ కమోడ్‌కూ కలిపి ఒక చిన్న గది, దాని అడుగున 60 లీటర్ల మలం ట్యాంకు ఉన్నాయి. మొన్నటి వేసవిలో అరకు నుంచి తిరిగి వస్తుండగా అనంతగిరి ఘాట్‌లో బండి నిండా మురుగు కంపు కమ్ముకుంది. శృంగవరపుకోట చేరేదాకా అమ్మ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. విశాఖ వచ్చాక బండిని మార్చి ఇచ్చిన వారికి చూపిస్తే, ట్యాంకులో వాసన తగ్గడానికి వేసే నీలిరంగు మందు మోతాదు పెంచమన్నారు. రెండు నెలలు అలాగే చేశాం. కంపుకు పుదీనా వాసన తోడైంది తప్ప ఏమీ తగ్గలేదు. పైగా మేము ట్యాంకును ఖాళీ చేసేది ఇంటి సెప్టిక్ ట్యాంకులోకే. ఇలాంటి మందుల్లో కొన్నింటిలో ఉండే ఫార్మాల్డిహైడ్ అక్కడి బాక్టీరియాను చంపేస్తుంది కాబట్టి మోతాదు పెంచిన కొద్దీ నాకు బెంగ ఎక్కువైంది.

చివరికి ఒక లారీ యజమాని చెప్పగా ఆటోనగర్‌లో పేరు బోర్డు కూడా లేని ఒక షెడ్డుకు వెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రి బండి ఎక్కకముందే అడిగిన మాట ఇది: “బాబూ, వాసన ఘాట్ రోడ్డులోనే వస్తందా, ఆగున్నప్పుడు కూడానా? పైన ఫ్యాను ఏస్తే పెరుగుతందా?” అంతవరకు ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఫ్యాను వేస్తే నిజంగానే పెరిగేది. కిటికీలన్నీ మూసి ఉంటే, పైకప్పు ఫ్యాను బయటికి తోసే గాలికి బదులు గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా. మా బండిలో అది ట్యాంకు దారిన వస్తోంది.

ఆయన తలుపులు మూయించి, ఫ్యాను వేయించి, అగరుబత్తి వెలిగించాడు. స్నానపు గది నేలమీది జాలీ దగ్గర పట్టుకోగానే పొగ ఒక్కసారిగా పైకి చిమ్మింది. కింది ట్రాప్‌లో నీరు లేదు. ఇళ్లలో ట్రాప్‌లో రెండంగుళాల లోతున నీరు నిలిచి మురుగు గాలిని ఆపుతుంది. మా బండికి స్థలం చాలక అమర్చిన ట్రాప్‌లో అంగుళం కూడా లేదు, అదీ ఘాట్ మలుపుల కుదుపులకు ఒలికిపోతోంది. తరువాత బట్టల బీరువా వెనక పలక దగ్గరికి వచ్చేసరికి పొగ నిలువుగా లేవక, ఒక మేకు రంధ్రం ఎదుట బండి లోపలివైపుకు వంగింది. పలక విప్పి చూస్తే, ట్యాంకు నుంచి పైకప్పుకు వెళ్లే పీవీసీ గొట్టం అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించింది. పైకి పోవలసిన గాలి రెండేళ్లుగా కదలికలకు విడిపోయిన ఆ అతుకు నుంచి మా బట్టల్లోకి, పడకల్లోకి చేరుతోంది.

మూడోది కమోడ్ అడుగున ట్యాంకులోకి తెరుచుకునే మూతకు ఉండే రబ్బరు సీల్. కమోడ్‌లో కాసిన్ని నీళ్లు పోసి వదిలితే అరగంటలో ఇంకిపోయాయి. సీల్ కూర్చునే గాడిలో సున్నంలాంటి పొర పేరుకుని, పెడల్ వదిలినా మూత పూర్తిగా మూసుకోవడం లేదు. నేను అప్పుడప్పుడూ పూస్తూ వచ్చిన వ్యాజిలిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేసిందని, సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలని మేస్త్రి చెప్పాడు.

పిల్లలతో ప్రయాణించేవారికి ఒక విషయం చెప్పాలి. కుళ్లిన గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. గాలి కన్నా కొంచెం బరువైనది, గాలి ఆడని చోట కింది పడక మట్టంలో ఎక్కువగా నిలవవచ్చు. పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలకు చేరితే ముక్కు దాన్ని పసిగట్టడమే మానేస్తుంది. అందువల్ల ఇంత గట్టి కంపు కాసేపటికి తెలియకుండా పోతే ఊరట చెందకూడదు, కిటికీలు తెరవాలి.

నేలమీది ట్రాప్ తీసేసి, నీటి అవసరం లేకుండా కిందికి మాత్రమే తెరుచుకునే సిలికాన్ నాలుకున్న కవాటం వేశారు. గొట్టం అతుకును కోసి కొత్తది అతికించి, కదలకుండా రెండుచోట్ల క్లాంపులు బిగించారు. సముద్రపు గాలి గొట్టంలోకి దిగకుండా పైన టోపీ పెట్టారు. రుషికొండ బీచ్ దగ్గర బండి ఆపితే ఈ ఇబ్బంది కూడా ఉండేది. అన్నిటికీ కలిపి రూ. 6,800 అయింది. మందు సీసా ఒక్కటి కూడా అమ్మజూపలేదు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కరోజులో ఇస్తామన్న బండి మూడో రోజు సాయంత్రానికి చేతికొచ్చింది. బిల్లు అడిగితే కాగితంముక్క మీద మొత్తం మాత్రమే రాసిచ్చారు, ఏ భాగానికి ఎంతో చెప్పలేదు. బీరువా పలక తిరిగి బిగించినప్పుడు రెండు మేకులు తక్కువయ్యాయి, వాటిని నేనే వేసుకున్నాను.

ఆ తరువాత లంబసింగి వెళ్లి వచ్చాం. ఘాట్ రెండుసార్లు ఎక్కి దిగినా, రాత్రి కిటికీలు మూసి పడుకున్నా కంపు రాలేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ కింది పడక మీదనే నిద్రపోయింది. ఆ షెడ్డుకు వెళ్లదలచినవారు ట్యాంకును ఖాళీ చేసి, రెండుసార్లు నీళ్లతో కడిగి తీసుకువెళ్లండి. నిండిన ట్యాంకుతో వచ్చిన బండిని మేస్త్రి ముట్టుకోడు.