సారె మంచానికి ఫోమ్ పరుపు కొంటున్నారా? జిప్పు తీసి చూడకుండా డబ్బు కట్టొద్దు

విజయనగరం, శ్రీకాకుళం వైపు పెళ్లిళ్ల సీజన్‌లో పరుపు కొనేవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. "నలభై డెన్సిటీ (ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని అర్థం), కంపెనీ ఫోమ్" అని చెప్పి ముక్కలు అతికించిన బాండెడ్ పరుపులు, సరిగ్గా ఆరని చవక ఫోమ్ అంటగడుతున్నారు. ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ కవరు విప్పగానే గదంతా ఘాటు, కళ్ల మంట, తలనొప్పి. షాపుకి ఫోన్ చేస్తే "కొత్త సరుకు కదండీ, రెండ్రోజుల్లో పోతుంది" అంటారు. కొన్ని వాసనలు నిజంగానే పోతాయి. కొన్ని అంత తొందరగా వదలవు. ఏది ఏదో కొనేవాళ్లకి తెలిసుండాలి.

పాలియాల్, టీడీఐ అనే రెండు ద్రవాల్లో కాస్త నీళ్లు, చర్యని వేగం చేసే అమీన్ అనే రసాయనం కలిపితే పొంగి ఫోమ్ దిమ్మ అవుతుంది. ఆ దిమ్మ లోపల చాలా వేడిగా ఉంటుంది. కనీసం ఒక రోజైనా గాలి ఆడేలా వదిలేసి, తర్వాత కోయాలి. ఆర్డర్ల తొందరలో ముందే కోసి కవర్లో చుట్టేస్తే మిగిలిన అమీన్ లోపలే ఉండిపోతుంది. నీచు వాసన వస్తే అదే. టీడీఐ గురించి భయపెట్టేవాళ్లుంటారు గానీ, ఫోమ్ పూర్తిగా గట్టిపడ్డాక అది దాదాపు మిగలదు.

పంచర్ సొల్యూషన్ వాసన వస్తే మాత్రం అది ఫోమ్‌ది కాదు, పొరల్ని అతికించిన గమ్‌ది. ఆ గమ్ములో టోలుయీన్ లాంటి ద్రావకాలుంటాయి. రెండు పొరల మధ్య చిక్కుకుని వారాల తరబడి మెల్లగా బయటికొస్తాయి. తల తిరగడం, వికారం ఎక్కువగా దీనివల్లే. ఇక కళ్లు మండి ముక్కు కారుతుంటే ముందు మంచాన్ని అనుమానించండి. పార్టికల్ బోర్డు, చవక ప్లైవుడ్ నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఇది మనుషులకి క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. పరుపు వరండాలో పెట్టి, మంచం ఉన్న గది తలుపులు ఒక రాత్రి మూసి, పొద్దున్నే తెరిచి చూస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది.

బాండెడ్ ఫోమ్ అంటే ఫ్యాక్టరీ తుక్కు, పాత సోఫాల ముక్కలు నూరి, గమ్ కలిపి, ఆవిరితో నొక్కిన దిమ్మ. గట్టి పరుపు కావాలనుకునేవాళ్లకి అది పనికొచ్చే సరుకే. మోసం ఎక్కడంటే, దాన్ని కొత్త ఫోమ్ ధరకి అమ్మడంలో. ఆ ముక్కలు ఎక్కడివో ఎవరికీ తెలియదు. పాత విదేశీ ఫోమ్‌లో మంటలు అంటుకోకుండా పెంటాబీడీఈ అనే రసాయనం కలిపేవారు. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో దాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు. మన దేశం 2018 నిబంధనల్లో ఆపేసింది. అది ఫోమ్‌తో గట్టిగా కలిసిపోదు, దుమ్ములోకి దిగుతుంది. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకి అందుకే ఎక్కువ ప్రమాదం.

షాపులోనే జిప్పు తీయించండి. రంగురంగుల ముక్కలు కనిపిస్తే బాండెడ్. జిప్పు లేకుండా చుట్టూ కుట్టేసి ఉంటే వద్దనేయండి. తర్వాత కాటా పెట్టించండి. 6 అడుగులు బై 5 అడుగులు, 4 అంగుళాల మందం పరుపు 40 డెన్సిటీ అయితే కవరు కాకుండా 11 కిలోల పైచిలుకు తూగాలి. 8 కిలోలే ఉంటే అది 28 డెన్సిటీ. 25 కిలోలు తూగితే బాండెడే. బరువు కోసం సుద్దపొడి కలిపేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫోమ్‌ని నల్లగుడ్డ మీద గట్టిగా రుద్దితే తెల్లటి పొడి రాలుతుంది.

కొన్నాక కవరు పూర్తిగా తీసేసి, నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టి వారం ఉంచండి. ఎండలో పెడితే ఫోమ్ పచ్చబడి పొడైపోతుంది. స్ప్లిట్ ఏసీ గదిలో అసలు ఆరదు, అది లోపలి గాలినే తిప్పుతుంది. అగరొత్తులు, రూమ్ ఫ్రెషనర్ వాసనని కప్పుతాయి తప్ప తీయవు. బాలింతలు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ వారం దాని మీద పడుకోకూడదు. వారం తర్వాత కూడా ముక్కు ఆనిస్తే ఘాటుగా ఉంటే మార్చమని అడగండి.

పిల్లల కోసం కొనే రంగుల పజిల్ మ్యాట్లు వేరే ఫోమ్, ఈవీఏ. వాటిలో ఫార్మమైడ్ అనే హానికర రసాయనం మిగిలిపోతుందని బెల్జియం 2010లోనే అమ్మకం ఆపేసింది. కొంటే వారాల తరబడి గాలికి ఆరబెట్టాకే పిల్లల్ని కూర్చోబెట్టండి.

ఫోమ్ వద్దనుకుంటే బూరుగు దూది పరుపు కుట్టించుకోండి. ఉద్దానం కొబ్బరి పీచుతో చేసినదైనా బాగుంటుంది, కాకపోతే పీచుని ఏ గమ్‌తో అతికించారో అడగండి.

బిల్లులో ఫోమ్ రకం, డెన్సిటీ, కొత్తదా బాండెడా అన్నది రాయించుకోండి. చేతిరాత చీటీ మీద "పరుపు 1" అని రాసిస్తే తీసుకోవద్దు. మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కేసు రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

పాత పరుపుని భోగి మంటలో మాత్రం వేయకండి. కాలే ఫోమ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి, మంట చుట్టూ ఉండేది మన పిల్లలే. మున్సిపాలిటీ చెత్త బండివాళ్లకి విడిగా అప్పగించండి.