1941 నాటి పక్షుల పుస్తకం కోసం ముంబై నుంచి బెంగళూరు దాకా

కిందటేడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పక్షుల పుస్తకం పార్సిల్ విప్పి చూస్తే మధ్యలో పదకొండు రంగుల బొమ్మల పేజీలు లేవు. కుట్టు దగ్గర బ్లేడు పెట్టి ఎవరో నీటుగా కోసేశారు. అమ్మినాయన పంపిన ఫోటోల్లో అట్టా, పేరు పేజీ మాత్రం శుభ్రంగా ఉన్నాయి. డబ్బు తిరిగి రాలేదు. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ కోత. డెబ్భై ఏళ్లకు పైగా బతికిన పుస్తకాన్ని ఫ్రేములు కట్టించుకునే బొమ్మల కోసం చంపేశారు. ఇక మీదట పేజీ పేజీ తిప్పి చూడనిదే పాత పుస్తకం కొననని అప్పుడే అనుకున్నాను. ఈ జనవరిలో తొమ్మిది రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

నేను వెతికేది పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ రాసిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' తొలి ముద్రణలు. మొదటిది 1941లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వేసింది. పదమూడోది 2002లో వచ్చింది. కొత్త ముద్రణల్లో పక్షులు ఎక్కువ, సమాచారం ఎక్కువ. పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లకు అవే మేలు, నేనూ చెరువు గట్టుకు కొత్తదే పట్టుకెళ్తాను. నలభైల నాటి ప్రతుల సంగతి వేరు. అంతకు ముందు ఈ సరదాకి గట్టి పుస్తకమంటే 1928లో లండన్‌లో వేసిన హ్యూ విస్లర్ హ్యాండ్‌బుక్కే దిక్కు. సాలిం అలీ పుస్తకం వచ్చాక బడిపిల్లలు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు కూడా పక్షికి పేరు పెట్టి పిలవగలిగారు. జైలు రోజుల్లో నెహ్రూ తన కూతురికి పంపిన పుస్తకం కూడా ఇదే. ఇంకో కారణం నా సొంతది. ఈ పుస్తకానికి పదేళ్ల ముందు, 1931-32లో, సాలిం అలీ మన నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ నడక ఈ పుస్తకంలోకి ఎక్కడో ఒకచోట దిగే ఉంటుందని నా నమ్మకం.

మొదట హైదరాబాదులోనే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ చూశాను. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లిష్ నవలలు గుట్టలు గుట్టలు. ఇలాంటి పాతవి దొరకడం ఇప్పుడు అదృష్టమే. అయినా నేను మానను. రెండు ఆదివారాలు తిరిగితే కొట్టువాళ్లు మొహం గుర్తుపట్టి, సరుకొస్తే పక్కన పెడతారు.

ముంబైకి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను. మధ్యాహ్నం ఎక్కితే తెల్లారేసరికి సీఎస్ఎంటీలో దిగుతాం. పుస్తకాల పని మీద వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి బండి లేదు, ఫోర్ట్ ప్రాంతమంతా నడిచేంత దూరంలోనే. బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాను. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది ముందే బుక్ చేసుకున్నాను. ఆడవాళ్లు ఒంటరిగా ఉండటానికి భయం లేదు, వేణ్ణీళ్లు వచ్చాయి, దుప్పట్లు ఉతికినవే. గోడకే చెమ్మ. మొదటి రోజు కొన్న రెండు పుస్తకాలు గోడలోని అలమరలో పెట్టి పడుకున్నాను, పొద్దున తీస్తే ఒకదాని వెనక అట్ట మెత్తబడి ఉబ్బింది. కౌంటర్లో అడిగితే "పుస్తకాలకేమవుతుందమ్మా" అన్నారు. మిగతా రెండు రాత్రులూ స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్‌లో ఉన్నాను. టికెట్ పీఎన్ఆర్ నంబరుతో బుక్ చేసుకోవచ్చు, లాడ్జి కంటే చవక, గది పొడిగా ఉంది. రైళ్ల చప్పుడు తప్పదు. పాత పుస్తకాలతో తిరిగేవాళ్లు గదిలోకి వెళ్లగానే మంచం కాదు, గోడ తడిమి చూడండి.

ఫోర్ట్‌లో మొదట వెళ్లింది సొసైటీ కార్యాలయం హార్న్‌బిల్ హౌస్‌కి. ఆ పేరు వెనక నిజంగానే ఒక పక్షి ఉంది. 1894 నుంచి 1920 దాకా సొసైటీ పాత ఆఫీసులో విలియం అనే హార్న్‌బిల్ ఉండేది, చివరికి తీగముక్క మింగి చనిపోయింది. ఇప్పటికీ సొసైటీ గుర్తు అదే పక్షి. లైబ్రరీకి ముందే మెయిల్ రాసి అనుమతి అడిగాను కాబట్టి పాత ముద్రణ ప్రతిని బల్ల మీద పెట్టి చూడనిచ్చారు. ఈ ఒక్క గంట నాకు మొత్తం యాత్రకి పెట్టుబడి. ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా వస్తుందో వరసగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బొమ్మల కాగితం మందం, మామూలు పేజీల కాగితం గరుకు వేళ్లకి అలవాటు చేసుకున్నాను. ఆ నోట్‌బుక్ లేకపోతే బయట ఎవరేం చెప్పినా నమ్మాల్సి వచ్చేది.

ఫ్లోరా ఫౌంటెన్ దగ్గరి ఫుట్‌పాత్ కొట్లలో రెండు పూటలు గడిపాను. స్ట్రాండ్ బుక్ స్టాల్ 2018లో మూతపడ్డాక ఆ చుట్టుపక్కల నాబోటివాళ్లు కాసేపు నిలబడి మాట్లాడుకునే చోటు ఒకటి పోయింది. ఫుట్‌పాత్ వాళ్లు మంచివాళ్లే, "దీదీ, రేపు రండి, గోడౌన్‌లో చూస్తా" అని నిజంగానే వెతికి తెచ్చిపెట్టారు. కానీ వాళ్లు తెచ్చినవి డెబ్భైల నాటివి. మాటుంగాలో కింగ్స్ సర్కిల్ కొట్లు నయం. ధర తక్కువ, తిప్పి చూస్తే విసుక్కోరు, ఆకలేస్తే నాలుగడుగుల్లో ఇడ్లీ సాంబారు. అక్కడ విస్లర్ హ్యాండ్‌బుక్ 1949 నాటి నాలుగో ముద్రణ 900 రూపాయలకు దొరికింది. కుట్టు గట్టిగా ఉంది, ముక్కిన వాసన లేదు. సంతోషంగా కొన్నాను.

బెంగళూరుకి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్. రాత్రి అది అనంతపురం మీదుగా వెళ్తుంది. అప్పుడు మెలకువగా ఉండాలని అలారం పెట్టుకున్నాను. కలివి కోడి అనే అరుదైన పక్షిని 1900లో చివరిసారి చూసింది ఆ ప్రాంతంలోనే. తర్వాత 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడేదాకా అది అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. దాన్ని మొదట లోకానికి చెప్పిన జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో కొంతకాలం పనిచేశాడు. 1862 నుంచి 1864 మధ్య కలకత్తాలో అచ్చయిన ఆయన పక్షుల గ్రంథంలో ఎన్నో పక్షులకి తెలుగు పేర్లున్నాయి. పాలపిట్ట ఉంది, జెముడుకాకి ఉంది. వేటగాళ్లనీ పల్లెవాళ్లనీ అడిగి రాసుకోకపోతే ఆ పేర్లు ఆయన చెవిన పడవు. ఆ సంపుటాల అసలు ప్రతులు నా జీతానికి అందవు, స్కాన్ ప్రతులే చదువుకుంటాను. స్టేషన్‌లో బండి ఆగినప్పుడు కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.

బెంగళూరు ఈ పనికి నిస్సందేహంగా మేలు. చర్చి స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్ పెద్ద కొట్లు, పక్షుల అర విడిగా ఉంటుంది, ధర పెన్సిల్‌తో లోపలి పేజీ మీద రాసి ఉంటుంది, బేరం ఉండదు. చదవడానికి కొనేవాళ్లు అక్కడికే వెళ్లండి. తొలి ముద్రణల కోసమైతే బ్రిగేడ్ రోడ్ పక్క సందులో సెలెక్ట్ బుక్ షాప్ చూడకుండా రావద్దు. 1945లో మొదలైన కొట్టు. హడావుడి లేదు, స్టూలు ఇచ్చి కూర్చోమంటారు.

నాకు కావలసింది మాత్రం నగరంలో ఇంకొక చిన్న కొట్లో, పై అరలో దొరికింది. 1941ది కాదు. నలభైల్లోనే, తర్వాతి ముద్రణ. ధర 4,000 చెప్పారు. నోట్‌బుక్ తీసి బొమ్మలు ఒక్కొక్కటే సరిచూస్తుంటే కొట్టాయన తెలుగులో "ఎక్కడినుంచి వచ్చారమ్మా" అని పలకరించారు. ఆయనది హిందూపురం. అట్ట మూల నలిగింది, అంచుల్లో గోధుమరంగు మచ్చలు, చివరి పేజీల్లో పురుగు రంధ్రాలు రెండు. బొమ్మలు ఒక్కటి కూడా పోలేదు. జెముడుకాకి బొమ్మ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. అంచున సన్నని పెన్సిల్ రాతలో, తెలుగులో, 'జెముడుకాకి' అని ఉంది. పాలపిట్ట దగ్గర 'పాలపిట్ట'. తీతువు దగ్గర పేరుతోపాటు 'చెరువు కింద, రెండు' అని ఉంది. ఎవరో ఏ తెలుగూరిలోనో ఈ పుస్తకం పట్టుకుని గట్లెమ్మట తిరిగారు. పేరు గానీ ఊరు గానీ ఎక్కడా రాసుకోలేదు.

పెన్సిల్ రాతలుంటే ధర తగ్గిస్తారు, ఆయన తనంతట తానే 3,200కి ఇచ్చారు. నేను మాత్రం రాతలు లేని ప్రతి పక్కన పెట్టినా దీన్నే తీసుకునేదాన్ని. ఆ మాట ఆయనతో కూడా చెప్పాను.

కొరియర్ చెయ్యలేదు. బటర్ పేపర్ చుట్టి, పాత నూలు చీరముక్కలో కట్టి, కాచిగూడ దాకా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

ఇంటికొచ్చాక తీరిగ్గా చూస్తే తలమీద కుచ్చున్న హూపో బొమ్మ పక్కన పేరు లేదు, పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తే ఉంది. సంక్రాంతికి వచ్చిన మా మేనత్తకి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని, "ఇది కూకుడుగువ్వ కాదుటే?" అంది. పుస్తకంలో రాయడానికి మనసొప్పలేదు. ఆ పేరు ఒక చీటీ మీద రాసి, ఆ పేజీలో పెట్టాను.