అమ్మ చీర కుచ్చిళ్లు, కౌన్సిల్ లెక్కలు: డైరెక్ట్ పేమెంట్‌తో కొన్నేళ్లు

ఇంగ్లండ్‌లో డైరెక్ట్ పేమెంట్‌కు, అంటే సాయం అవసరమైనవారు తమకు కావలసిన మనిషిని తామే పెట్టుకోవడానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే సొమ్ముకు, ఎలా దరఖాస్తు చేయాలో చాలామంది రాశారు కాబట్టి ఆ జోలికి పోవడం లేదు. పక్షవాతంతో ఎడమ చెయ్యి స్వాధీనం తప్పిన మా అమ్మ కోసం కొన్నేళ్లుగా ఈ సొమ్ము వాడుతున్నాం. లెక్కలు నేనే చూస్తాను. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, మనిషిని మనమే ఎంచుకునే వీలు.

అంతకుముందు కౌన్సిల్ పంపిన ఏజెన్సీ వాళ్లు మంచివాళ్లే కానీ, ఉన్న అరగంటలో ఒళ్లు తుడిచి నైటీ తొడిగి వెళ్లిపోవలసి వచ్చేది. స్నానం చేసి, చీర కట్టుకుని, దీపం పెడితే తప్ప కాఫీ ముట్టని అమ్మ, మధ్యాహ్నం దాకా నైటీలోనే కూర్చునేది. డైరెక్ట్ పేమెంట్ వచ్చాక రెండు వీధుల అవతల ఉండే గుంటూరావిడను పెట్టుకున్నాం. ఆవిడ ఆరున్నరకే వచ్చి, "పిన్నిగారూ, ఇవాళ ఏ చీర?" అని అడిగి, కుచ్చిళ్లు ముందే పోసి పిన్ను పెట్టి ఉంచుకుని, అమ్మను నిలబెట్టి క్షణంలో దోపేసేది. పైట మాత్రం అమ్మే కుడిచేత్తో సర్దుకునేది. 1997లో ఈ పద్ధతి అమల్లోకి వచ్చినప్పుడు 65 ఏళ్లు దాటినవారికి వర్తించలేదని, 2000లో గానీ వారికి అవకాశం ఇవ్వలేదని తెలిసినప్పుడు నాకు బాధ కలిగింది.

అయితే మనిషిని ఎంచుకోవడమంటే యజమాని కావడం కూడా. జీతం, పన్ను, బీమా, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు, అన్నీ మన బాధ్యతే. జీతం, పన్ను లెక్కలు చూసిపెట్టే పేరోల్ సంస్థ సాయంతో వాటిని నెట్టుకొచ్చాం. ఆవిడ కూతురి పురుడుకని గుంటూరు వెళ్లి, సెలవు అయిపోయాక కూడా అక్కడే ఉండిపోవలసి వచ్చినప్పుడు అసలు చిక్కు వచ్చింది. కౌన్సిల్ మాకు కట్టిన గంట రేటుకు ఏ ఏజెన్సీ మనిషిని పంపలేదు. ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకు, తప్పనిసరి అని కౌన్సిల్ ఒప్పుకుంటే తప్ప, ఈ సొమ్ములోంచి జీతం ఇవ్వకూడదు. మా విషయంలో ఒప్పుకోలేదు. ఉద్యోగానికి సెలవు పెట్టి ఆ పనంతా నేనే చేశాను. తీరా వార్షిక సమీక్షలో, ఖాతాలో మిగిలిన జీతం సొమ్మును "ఖర్చు కాలేదు" అంటూ వెనక్కి అడిగారు. అమ్మ అవసరం ఒక్క పూట కూడా ఆగలేదని ఉత్తరం రాస్తే, కొంత ఉంచి తక్కినది తీసుకున్నారు. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలన్న మాట నేను కాదనను. కానీ మనిషి రాని రోజులకు ఏర్పాటు చూపకుండా మిగులు మాత్రం లెక్కపెట్టడం అన్యాయం.

మా అమ్మ తనకేం కావాలో చెప్పగలదు, లెక్కలకు నేనున్నాను, వీధిలో తెలుగువాళ్లున్నారు. అందుకే ఇది మాకు కుదిరింది. ఒంటరిగా ఉంటూ కాగితాలు చూసేవారు లేనివారికి నేను గట్టిగా సిఫారసు చేయలేను. డైరెక్ట్ పేమెంట్‌నూ, కౌన్సిలే మనిషిని పంపే ఏర్పాటునూ కలిపి తీసుకునే వీలుంది కాబట్టి, ఇప్పుడు సాయంత్రాలు కౌన్సిల్ ఏర్పాటుకే వదిలి, ఉదయాలకు మాత్రం డైరెక్ట్ పేమెంట్ ఉంచుకున్నాం.